శనిగ్రహానికి ఒక కార్తీక సోమవారం

మొన్న పన్ను డాక్టరు గారి దగ్గర నా వంతు కోసం కూర్చున్నప్పుడు బల్ల మీద అట్ట ఊడిపోయిన వారపత్రిక ఒకటి కనిపించింది. ఊరికే కూర్చోవడం నాకు చేతకాని పని. అచ్చు కాగితం ఏదైనా దొరికితే చదువుతాను, దొరక్కపోతే లేచి గుమ్మం దాకా వెళ్ళి వస్తాను. ఆ పత్రికలో పాఠకులకి ఒక సరదా ప్రశ్న వేశారు: అంతరిక్ష యాత్రకి మీకు ఉచితంగా టికెట్టు వస్తే ఎక్కడికి వెళ్తారు? కింద చంద్రుడు, అంగారకుడు, శుక్రుడు అని గళ్ళు గీసి, ఆఖరి గడిలో "మరేదైనా" అని పెట్టారు. నాకంటే ముందు పన్ను నొప్పితో వచ్చినవారెవరో ఆ గడిలో పెన్నుతో "మా అమ్మగారి ఇల్లు" అని రాసి పోయారు. నవ్వొచ్చింది. నవ్వితే పన్ను లాగింది. దవడ పట్టుకుని కూర్చున్న నాకు ఆ ప్రశ్న కొత్తది కాదు. ఒక కార్తీక మాసంలో, మెట్ట ప్రాంతపు రోడ్డు మీద, ఆకలితో ఉన్న బస్సు నిండా జనం ముందు దానికి నేను జవాబు చెప్పాల్సి వచ్చింది. నలుగురిలో నోరు విప్పాలంటే ఇప్పటికీ నాకు అరచేతులు చెమటపడతాయి. అప్పటి సంగతి చెప్పనక్కర్లేదు.

ఆ బస్సు మా మేనత్తది. ఆవిడ సొంతం కాదు, తణుకు నుంచి అద్దెకి తెప్పించేది. పెనుగొండలో మాకు ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు ఉంది; ముందు కొట్టు, వెనక ఇల్లు. నాన్నకి అక్క అయిన మా అత్తయ్య అదే ఊళ్ళో రెండు వీధుల అవతల ఉంటుంది. మామయ్య పోయిన తరవాత ఆవిడ పెట్టుకున్న వ్యాపకం యాత్రలు నడపడం. కాశీ అయినా, రామేశ్వరం అయినా, ఒక్క రోజులో తిరిగొచ్చే శివాలయాలైనా పద్ధతి ఒకటే. బస్సు మీద గ్యాసు పొయ్యి, మా కొట్టు గుండిగలు, బియ్యం బస్తా. లోపల వంటాయన, పచ్చడి జాడీలు ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళు. ఏ రాష్ట్రం వెళ్ళినా హోటలు మెట్లెక్కేది లేదు. గంగ ఒడ్డున కూర్చుని కూడా మావాళ్ళు తిన్నది గోంగూర పచ్చడే. కడుపులో తిప్పేవాళ్ళకి ముందు సీట్లు, గురకపెట్టేవాళ్ళకి వెనక సీట్లు, ఎవరు ఎటువైపు వాళ్ళో తేలనివాళ్ళు అత్తయ్య పక్కన. ఆవిడ ఏ యాత్రా తనంతట తాను ఖాయం చేసేది కాదు. వచ్చే ప్రతివాళ్ళనీ ఎక్కడికి వెళ్దామని అడిగేది, అడిగినప్పుడు ఊరి పేరు చెప్పి తీరాలి. "మీ ఇష్టం అన్నవాళ్ళే తరవాత ఎక్కువ సణుగుతారు. వాళ్ళని నా బస్సెక్కించుకోను" అనేది. ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నది కాదు గానీ ఎప్పుడు విన్నా నాకే తగిలేది.

ఎందుకంటే ఇంట్లో నేను ఎక్కువసార్లు పలికిన మాట అదే. లంగా రంగు దగ్గర్నుంచి కాలేజీలో తీసుకున్న గ్రూపు దాకా అన్నిటికీ "మీ ఇష్టం". నా ఇష్టాలేమైనా ఉంటే అవి డైరీలో ఉండేవి, అక్కడ కూడా మర్యాదగానే. తణుకులో డిగ్రీ చదివి, ఆ తరవాత కొట్టులో నాన్నకి సాయంగా కూర్చునేదాన్ని. మధ్యాహ్నం బేరాలుండవు. పేర్చిన బిందెల చాటున పుస్తకం పెట్టుకుని చదువుతుంటే, ఎవరైనా వచ్చి కాఫీ ఫిల్టరు అడిగినప్పుడు ఏ గ్రహం మీంచో దిగి రావాల్సి వచ్చేది. గ్రహాలంటే నాకు చిన్నప్పట్నుంచీ పిచ్చి. ఎప్పుడు ఏది ఆకాశంలో ఎటు ఉంటుందో, వీధిలో ఎవరు ఏ వేళకి కొట్టు తీస్తారో తెలిసినట్టు తెలిసేది. ఆ ఏడు, బెంగుళూరులో పిల్లలకి సైన్సు పాఠాలు తయారుచేసే ఒక సంస్థవాళ్ళు తెలుగులో రాసేవాళ్ళు కావాలన్నారు. ఎవరికీ చెప్పకుండా ఒక పాఠం రాసి పంపాను. వాళ్ళు ఫోన్‌లో మాట్లాడి, తీసుకుంటామన్నారు. వస్తారో రారో ఆ వారంలో చెప్పాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

నాన్న కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, ఎదురు చెప్పే ధైర్యం రాకపోయినా కనీసం ఏడవడానికి వీలుండేది. "మంచి ఉద్యోగమేనమ్మా. కానీ మనిద్దరిదీ ఒకటే రాశి. ఇద్దరికీ ఏల్నాటి శని ఇంకా ఏడాది పైన ఉంది. ఈ టైములో ఊరు వదిలిపెడితే కలిసిరాదు. అది దాటనీ" అన్నారు. అమ్మ నాన్న వైపు చూసింది, నేను నేల వైపు చూశాను. "మీ ఇష్టం నాన్నా" అన్నాను. అని, లోపలికి వెళ్ళి పడుకోలేక, కూర్చోలేక, పెరట్లో కడిగి బోర్లించిన గిన్నెల్నే మళ్ళీ కడిగాను. ఆ రోజు నుంచీ అన్నం సగంలో లేచేదాన్ని. పుస్తకంలో ఒక పేజీనే చదివి చదివి మూసేసేదాన్ని. ఫోన్ తీసి "క్షమించండి, రాలేను" అని రాసి, పంపకుండా చెరిపేసి, మళ్ళీ రాసేదాన్ని.

నాన్న భయం ఉత్త పంచాంగం భయం కాదు. నా వయసులో ఉన్నప్పుడు ఆయన ఇంట్లో ఒప్పించి జంగారెడ్డిగూడెం వెళ్ళి సొంతంగా సామాన్ల కొట్టు పెట్టారు. పొగాకు, జీడిమామిడి తోటలున్న ఊరు, చేతిలో డబ్బాడే ఊరు అని ఆశ. ఒక గది అద్దెకి తీసుకుని ఒంటరిగా ఉన్నారు. ఏడాది తిరగకుండా కామెర్లు పట్టుకున్నాయి. తాతయ్య వెళ్ళి మంచంతో సహా తీసుకొచ్చినట్టు తీసుకొచ్చారు, కొట్టు మూతపడింది. అప్పుడు ఆయనకి ఏల్నాటి శని అని తరవాత ఎవరో లెక్కగట్టి చెప్పారు. అప్పట్నుంచీ నాన్న ఆ ఊరి పేరు ఎత్తరు. మందపల్లి శనీశ్వరుడికి నువ్వుల నూనె పోయించడం మానరు. అత్తయ్య మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా "అది శని కాదురా, హోటలు నీళ్ళు" అనేది. నాన్న నవ్వేవారు కాదు.

అలాంటి నాన్న ఆ కార్తీక సోమవారం అత్తయ్య బస్సులో మెట్ట ప్రాంతానికి వచ్చారంటే గుండిగల కోసమే. కొట్టు సామాను బయటికి వెళ్తే వెంట ఆయన ఉండాల్సిందే. అమ్మ కొట్టు చూసుకోవడానికి ఉండిపోయింది. నేనూ మామ్మా కిటికీ పక్కన, అత్తయ్య మా ముందు. తెల్లవారకుండా బయల్దేరి గుడులన్నీ చూసుకుని, పొద్దు వాలేసరికి ఇల్లు చేరి, నక్షత్రం చూసి భోంచేయాలన్నది ఏర్పాటు. బస్సులో డ్రైవరు గారు తప్ప అందరూ ఉపవాసమే. తిరుగు ప్రయాణంలో జంగారెడ్డిగూడెం దాటుతుంటే నాన్న కిటికీ తెర లాక్కున్నారు. ఊరు దాటి కొంచెం ముందుకి రాగానే, రెండు వైపులా పామాయిలు తోటలు దగ్గరగా వచ్చిన చోట బస్సు కింద ఏదో టప్పుమంది. బండి మెల్లగా పక్కకి జరిగి ఆగింది. ఫ్యాను బెల్టు తెగిందని చెప్పి, డ్రైవరు గారు ఎదురొచ్చిన మోటారు సైకిలెక్కి బెల్టు కోసం వెనక్కి వెళ్ళారు. ఆయన వెళ్ళిన దిక్కు చూస్తూ నాన్న రోడ్డు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన మొహం చూస్తే, ఆ ఊరు తనని మళ్ళీ పట్టుకుందని అనుకుంటున్నట్టే ఉంది.

ఖాళీ కడుపులతో, ఆగిన బస్సులో, ఎండ వాలే వేళ మనుషులు ఎలా ఉంటారో చెప్పనక్కర్లేదు. ముందు చెమట గురించి, తరవాత సీట్ల గురించి, ఆ తరవాత ఎప్పుడో కాశీలో ఎవరి చెంబు ఎవరు తీశారన్న దాని గురించి గొడవలు లేచాయి. నేను దిగి రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను, ఎక్కాను, మళ్ళీ దిగాను. "కాళ్ళలో చక్రాలున్నాయేంటే దీనికి" అంది మామ్మ. చివరికి అత్తయ్య లేచి బస్సు మధ్యలో నిలబడి, యాత్ర ఖాయం చేసేటప్పటి గొంతు పెట్టింది.

"సరేనండి, ఈ బస్సు నేల మీద కదలనంటోంది. ఆకాశంలో పోతుందనుకుందాం. పైన ఏ చోటికి పోనిమ్మంటారో ఒక్కొక్కళ్ళూ చెప్పండి. ఎక్కువమంది ఏదంటే అక్కడికి. స్నానానికి నీళ్ళుండాలి, పొయ్యి పెట్టుకోవడానికి చోటుండాలి."

మామ్మ అందరికంటే ముందు కైలాసం అంది.

"అది పైన లేదమ్మా, టిబెట్‌లో ఉంది. దానికి పాస్‌పోర్టు కావాలి" అంది అత్తయ్య.

బట్టల కొట్టు పిన్నిగారు ముందు సీటు మనిషి. "నాకు చంద్రుడు చాలండి. దగ్గర. అంతకంటే దూరమైతే నాకు తిప్పుతుంది" అన్నారు. వెనక నుంచి ఒక రిటైరైన మాష్టారు ధ్రువ నక్షత్రం కావాలన్నారు. అక్కడ ఒకసారి కూర్చుంటే సీటు మారమనే వాళ్ళుండరట. అది అత్తయ్యకి చురకే గానీ ఆవిడ పట్టించుకోలేదు. వంటాయన సూర్యుడన్నాడు. "గ్యాసు మోసే పని తప్పుతుందండి. గుండిగ దింపితే చాలు, ఎసరు మరిగిపోద్ది." బస్సు కొంచెం తేలికపడింది. ఆకలి మర్చిపోయి ఎవరి చోటుని వాళ్ళు గట్టిగా వెనకేసుకొచ్చారు. చంద్రుడి మీద నీళ్ళున్నాయా లేవా అన్న దాని మీద పిన్నిగారికీ మాష్టారికీ మాటలు పెరిగాయి. సంగతి నాకు తెలుసు, కానీ చెప్పలేదు. నా దాకా రాకుండా డ్రైవరు గారు వచ్చేస్తే బాగుండునని రోడ్డు చివరకి చూస్తున్నాను.

అత్తయ్య నా సీటు దగ్గర ఆగింది. "నువ్వు చెప్పు. మీ ఇష్టం అన్నావా, ఇక్కడే దింపేస్తాను."

నవ్వులాటకే అన్నది. కానీ ఆవిడ చూపు నవ్వులాటలో లేదు. బెంగుళూరు సంగతి ఆవిడకి తెలుసు. కిటికీ అవతల, బస్సుకి వీపు ఆనించి నాన్న నిలబడి ఉన్నారు. ఆయన తల వెనక భాగం, చెవుల దగ్గర తెల్లబడిన జుట్టు నాకు కనిపిస్తున్నాయి. చంద్రుడు అనేసి ఊరుకోవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా.

"శని" అన్నాను.

నాన్న తల ఇటు తిరిగింది. బట్టల కొట్టు పిన్నిగారు మెల్లగా, అందరికీ వినపడేలా, "ఇందాకట్నుంచీ అనుకుంటూనే ఉన్నానండి, ఈ బస్సులో ఎవరికో నడుస్తోందీ అని" అన్నారు.

"శని కాదు పిన్నీ, బెల్టు" అంది అత్తయ్య వెనక్కి తిరక్కుండానే. నాతో, "శనిగ్రహం. సరే. స్నానానికి నీళ్ళు?" అంది.

"చుట్టూ ఉన్న వలయాలన్నీ మంచే అత్తయ్యా. పెద్ద పెద్ద మంచు గడ్డలు. కరిగించుకోవచ్చు."

"పొయ్యికి చోటు?"

"శని మీద నేల లేదు. పక్కన బోలెడు చందమామలున్నాయి. కాస్త వాలుగా తిరిగే ఒకదాని మీద దిగొచ్చు. అక్కడ్నుంచి వలయాలు కనిపిస్తాయి." నా గొంతు నాకే కొత్తగా వినపడుతోంది. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలిసి ఆపలేదు. "ఆయన ఇన్నేళ్ళుగా మా ఇంట్లో ఉన్నాడంటున్నారు. నేను ఏం అడిగినా ముందు ఆయన్ని అడగాలంటున్నారు. మనం ఒక్కసారైనా ఆయన ఇల్లు చూడొద్దా?"

నాన్న కిటికీ దగ్గరకి వచ్చారు. "తప్పమ్మా. ప్రయాణంలో ఉండి ఆ పేరు ఎత్తకూడదు" అన్నారు. గట్టిగా అనలేదు. నిప్పుకి దగ్గరగా వెళ్ళిన పిల్లని ఇవతలికి పిలిచినట్టు అన్నారు. నేను "సరే నాన్నా" అనలేదు. అలా అనకుండా ఉన్నది అదే మొదటిసారి. తల కూడా దించలేదు. ఆయనే ముందు చూపు తిప్పుకున్నారు. అత్తయ్య ఏ చోటికి ఎన్నెన్ని ఓట్లు వచ్చాయో చెప్పకుండానే, పొద్దు పోతోంది, వంట సంగతి చూడమని వంటాయన్ని దింపింది.

రోడ్డు వారన పొయ్యి వెలిగింది. అన్నం, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు. పప్పు వాసనకి జనం ఒక్కొక్కళ్ళే దిగి పట్టాలు పరుచుకున్నారు. విస్తళ్ళు వేశారు. వడ్డించడం కూడా అయింది. ఇక మిగిలింది నక్షత్రం. నక్షత్రం కనపడందే ముద్ద ఎత్తరు. రెండు వైపులా పామాయిలు చెట్లు గోడల్లా లేచి తూర్పునీ పడమరనీ మూసేశాయి. దక్షిణంగా పోయే రోడ్డు మీద మాత్రం ఆకాశం ఒక పొడుగాటి పీలికలా కనిపిస్తోంది. అందరూ విస్తళ్ళ ముందు కూర్చుని ఆ పీలిక వంకే మెడలెత్తి చూస్తున్నారు. అన్నం మీద ఆవిరి లేస్తోంది. నెయ్యి పేరుకుంటోంది. దేవుడి గుళ్ళో కూడా ఆ రోజు అంత నిశ్శబ్దంగా లేరు.

"అదిగో" అంది మామ్మ. కంటి ఆపరేషన్ చేయించుకున్న తరవాత ఆవిడ చూపు మా అందరికంటే నయం. రోడ్డు పైన, ఎత్తుగా, లేత పసుపు రంగులో ఒకే ఒక్క చుక్క. "వచ్చాడు నాయనా, వచ్చాడు" అని మామ్మ రెండు చేతులూ జోడించింది. బట్టల కొట్టు పిన్నిగారు కళ్ళు మూసుకుని ఏదో చదువుకున్నారు. మాష్టారు చేతులు తలకి ఎత్తారు. నాన్న నిలబడి, దానికి నేరుగా ఎదురుగా, మొహం నిండా నవ్వుతో దణ్ణం పెట్టారు. పొద్దుటి నుంచి ఆయన మొహంలో నేను చూసిన మొదటి నవ్వు అది. తరవాత అందరూ ముద్దలు కలిపారు.

నేను కలపలేదు. మిణుకుమిణుకుమనకుండా నిలకడగా, కాస్త మందంగా ఉన్న ఆ చుక్క ఏదో నాకు తెలుసు. ఆ నెలంతా మా డాబా మీంచి రోజూ చూస్తున్నాను. ఊరుకుందామనుకున్నాను. పొద్దుటి నుంచి పస్తున్న మనుషులు, వాళ్ళ నోటి దగ్గర ముద్ద. కానీ నాన్న నా పక్కనే కూర్చుని, పులుసు పోసుకుంటూ, ఇందాకటి మాట మర్చిపోదాం అన్నట్టు మెత్తగా, "ఏ నక్షత్రం అమ్మలూ అది? నీకు తెలుస్తుందిగా" అన్నారు. నన్ను మంచి చేసుకోవడానికి అడిగారు. ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు.

"నక్షత్రం కాదు నాన్నా. అదే శని."

ఎంత మెల్లగా అన్నా మామ్మకి వినపడింది. మామ్మకి వినపడితే అందరికీ తెలిసినట్టే. పట్టా ఈ చివర నుంచి ఆ చివర దాకా చేతులు ఒక్కటొక్కటిగా ఆగిపోయాయి. శనీశ్వరుడికి ఎవరూ ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టరు, ఆయన చూపు పడకుండా పక్కకి తప్పుకుని పెడతారు. అలాంటిది పట్టా నిండా మనుషులు నేరుగా మొహం ఎత్తి చూశారు, చూసి సంతోషించారు, అన్నం తినడం కూడా మొదలుపెట్టేశారు. మామ్మ తన విస్తరి పట్టుకుని అలాగే కూర్చున్న చోట పక్కకి జరిగింది. ఆవిడని చూసి పిన్నిగారూ జరిగారు. కాసేపట్లో వరసంతా చెట్ల వైపు తిరిగింది. ఆకాశంలో ఉన్నదానికి ఏది పక్కో ఏది ఎదురో ఎవరూ అడగలేదు.

"ఉపవాసం చెడినట్టేనాండి మరి" అన్నారు మాష్టారు బెంగగా.

"ఎందుకు చెడుతుంది? చుక్క చూశాం, దణ్ణం పెట్టాం. ఆకలి మీద ఇంతమంది ఎదురుచూస్తే వచ్చినవాడు ఆయన ఒక్కడే" అంది అత్తయ్య పప్పు కలుపుకుంటూ. "చల్లారిపోతోంది, కానీయండి." అంతలో పిన్నిగారు చెట్ల సందులోంచి తూర్పున పెద్దగా వెలుగుతున్న చుక్కని కనిపెట్టి, నా వైపు అనుమానంగా చూశారు. అది గురువని చెప్పాను. "బ్రతికించావు" అని దానికి కూడా ఒక దణ్ణం పెట్టుకుని ఆవిడ మళ్ళీ మొదలుపెట్టారు.

నాన్న మాత్రం విస్తరి తిప్పలేదు. తినడమూ మానలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి రోడ్డు మధ్యలో నిలబడి పైకి చూశారు. చాలాసేపు చూశారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుతూనే ఉన్నాను.

"ఇంతేనా? ఇంత చిన్నదా?" అన్నారు.

"దూరం నాన్నా. ఆ వెలుగు మన దాకా రావడానికే గంట పైన పడుతుంది. ఇప్పుడు మనం చూసేది ఇందాక బస్సులో మాట్లాడుకునేటప్పుడు బయల్దేరింది."

"ఆ వలయం అన్నావు. అతుకు ఉంటుందా?" సామాను చూస్తే ముందు అతుకు వెతకడం ఆయన అలవాటు.

"అతుకు లేదు. అసలు ఒక్క ముక్క కాదు. వేటి దారిన అవి తిరుగుతుంటాయి, దూరం నుంచి ఒకటే రేకులా కనిపిస్తుంది."

"పోవాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఇదివరకు ఒక నౌక వెళ్ళింది నాన్నా. ఏడేళ్ళు పట్టింది."

ఏడేళ్ళు అన్న మాటకి ఆయన నా వంక చూసి, మళ్ళీ పైకి చూశారు. "నేను ఈ ఊళ్ళో కొట్టు పెట్టినప్పుడు ఇది ఎక్కడుండేది?"

"సుమారుగా ఇక్కడే. ఒక చుట్టు తిరిగి మళ్ళీ వచ్చింది."

"మంచం మీంచి లేవలేక, కిటికీలోంచి రాత్రిళ్ళు ఆకాశమే చూసేవాణ్ణి" అన్నారు. ఆ రోజుల గురించి ఆయన నోటి నుంచి నేను విన్న మొదటి మాట అదే. "ఇది కూడా అందులో ఉండే ఉంటుంది. నన్నేదో చేయడానికి వచ్చిందనుకున్నాను ఇన్నాళ్ళూ. చూస్తే దాని మానాన అది తిరుగుతోంది, పాపం."

వెనక నుంచి మోటారు సైకిలు వెలుగు పడింది. డ్రైవరు గారు బెల్టు ఊపుతూ దిగారు. అత్తయ్య తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. గుండిగలు పైకెక్కించే హడావుడిలో నాన్న వెళ్ళిపోయారు. నాకు ఆయన్ని ఇంకా అడగాలని ఉంది. ఏం అడగాలో, అసలు అడగొచ్చో లేదో తేలక, ఆ కాసేపట్లో బస్సు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను.

దారి పొడుగునా బస్సు నిద్రపోయింది. నేను పోలేదు. చున్నీ అంచు వేలికి చుట్టడం, విప్పడం. చేలు మొదలయ్యాక కిటికీలోంచి తడి గాలి కొట్టింది. తణుకు దగ్గరపడుతుంటే చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి తీపి కుళ్ళిన వాసన వచ్చింది. బస్సులో వచ్చేవాళ్ళకి ఇల్లు దగ్గరైందని తెలిసేది ఆ వాసనతోనే. అది తగలగానే జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. అప్పుడు అత్తయ్య పక్క సీట్లోంచి నాన్న వెనక్కి తిరిగారు. చీకట్లో మొహం సరిగా కనపడలేదు.

"బెంగుళూరు రైలు తణుకులో ఎక్కొచ్చా, రాజమండ్రి వెళ్ళాలా?" అన్నారు.

నాకు తెలియదు. గ్రహాలన్నీ ఎటున్నాయో తెలిసిన నేను ఆ రైలు ఎక్కడ ఆగుతుందో కనుక్కోలేదు, కనుక్కుంటే ఆశపడినట్టవుతుందని. "కనుక్కుంటాను నాన్నా" అన్నాను. అత్తయ్య ముందు సీట్లో కళ్ళు మూసుకునే ఉంది, కానీ నిద్రలో మనిషి అంత నిటారుగా కూర్చోదు.

మర్నాడు కొట్టు తెరవకముందే ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. ఆ తరవాత నాన్న మారిపోయారని రాస్తే అబద్ధమవుతుంది. నేను రైలెక్కే ముందు శనివారం మందపల్లి వెళ్ళి నూనె పోయించారు, నా పేరు మీద కూడా. ఇప్పటికీ పోయిస్తారు. అయితే ఎప్పుడైనా సాయంత్రాలు ఫోన్ చేసి, "ఇవాళ ఎటుందమ్మా అది?" అని అడుగుతారు. నేను గదిలోంచి లేచి మేడ మీదకి వెళ్ళి చూసి చెబుతాను. ఆయన డాబా మీద, నేను ఇక్కడ, కాసేపు అదే చుక్క వంక చూస్తాం. ఆయన ఎదురుగా నిలబడి చూస్తున్నారో పక్కకి తిరిగి చూస్తున్నారో నేను అడగను.

పంచాంగం ప్రకారం మా ఇద్దరికీ శని వదిలిందని మామ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషించాల్సిన మాటే. కానీ లెక్క వేసుకోకుండా ఉండలేకపోయాను: ముప్పై ఏళ్ళు తిరిగేసరికి అది మళ్ళీ అక్కడికే వస్తుంది, అప్పటికి నాకు ఆ రోజు రోడ్డు మీద నిలబడిన నాన్న వయసుంటుంది. అప్పుడు ఎవరు నా ఎదురుగా వచ్చి ఏ దూరపు చోటి పేరు చెబుతారో, దేన్ని చూసి భయపడి నేను "కొన్నాళ్ళు ఆగు" అంటానో, ఇప్పుడే తెలిస్తే బాగుండును; కాలం ఆ మాటని నా నోటికి ఎంత మెల్లగా నేర్పుతోందో అని తలుచుకుంటే కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాను.